కీమోలో జుట్టు రాలకుండా ఆపొచ్చా? ముందే గుండు చేయించాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. అమ్మగారికి 52 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. వచ్చే వారం మొదటి కీమో. ముందు మూడు వారాలకొకటి చొప్పున నాలుగు ఏసీ (రెండు మందులు కలిపి ఇచ్చే కీమో), తర్వాత వారం వారం పన్నెండు పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అని డాక్టర్ రాసిచ్చారు. ఆవిడకు నడుము దాటిన జడ. జబ్బు పేరు విన్నప్పుడు నిబ్బరంగా ఉన్న మనిషి జుట్టు పోతుందనగానే కుప్పకూలిపోయారు. నూనెలు, బయోటిన్ మాత్రలు ఏమైనా పనిచేస్తాయా, ముందే గుండు చేయిస్తే నయమా, అమ్మకు తోడుగా నేనూ గుండు చేయించుకుంటే ఎలా ఉంటుంది, నాలుగు నెలల్లో చెల్లి పెళ్లి ఉంది, అప్పటికి ఏం చేయాలి అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో క్యాన్సర్ డే కేర్ వార్డులో కీమో ఎక్కించే నర్సుని. కొడుకులు ఈ ప్రశ్న ఎప్పుడూ అమ్మ ముందు అడగరు. మందు ఎక్కుతుండగా బయటికి వచ్చి, తలుపు దగ్గర గొంతు తగ్గించి అడుగుతారు. అక్కడ హడావిడిలో రెండు ముక్కల్లో చెప్పేది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ఈ మందులతో జుట్టు రాలుతుంది, దాదాపు మొత్తం రాలుతుంది. నూనె, మాత్ర, షాంపూ ఏదీ దాన్ని ఆపదు. కీమో అయ్యాక మళ్లీ వస్తుంది. బ్లేడుతో గుండు వద్దు. మొదటి కీమోకి ముందో, అయిన పది రోజుల్లోపో జుట్టు పొట్టిగా కత్తిరించండి. రాలడం మొదలయ్యాక ట్రిమ్మర్‌తో తీసేయండి. విగ్గు కావాలనుకుంటే జుట్టు ఉండగానే కొనండి. వీటిలో ఏది చేయాలన్నా నిర్ణయం అమ్మగారిదే కావాలి, మీది కాదు, మీ నాన్నగారిదీ కాదు.

ఎందుకు రాలుతుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే సగం నూనెల ఖర్చు మిగులుతుంది. కీమో మందు వేగంగా విభజన చెందే కణాలను కొడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, వెంట్రుక కుదుళ్లలోని కణాలూ అలాంటివే. మన తల మీద వెంట్రుకల్లో నూటికి 85 నుంచి 90 దాకా ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. అందుకే ఒక్కసారిగా దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలేది లోపల కుదురులో, రక్తం ద్వారా. పైన రాసే నూనె అక్కడికి ఏం చేయగలదు?

అన్ని కీమోలకూ ఇలా రాలదు. డోక్సోరుబిసిన్, ఎపిరుబిసిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ ఉంటే ఖాయం అనుకోవచ్చు. సైక్లోఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ కూడా ఎక్కువే రాలుస్తాయి. కడుపు, పేగు క్యాన్సర్లకు వాడే ఆక్సాలిప్లాటిన్, కేపసిటాబిన్ లాంటి వాటితో చాలామందికి పలచబడటమే తప్ప గుండు కాదు. కాబట్టి పక్క బెడ్ ఆవిడకు జుట్టు ఉంది, నాకెందుకు పోయింది అని అమ్మగారు అడిగితే మందులు వేరని చెప్పండి. జుట్టు రాలకపోతే మందు పనిచేయడం లేదన్న మాట కూడా వింటారు. అది అబద్ధం. మీకు రాసిన ఏసీలో 'ఏ' అంటే ఆడ్రియామైసిన్, అది డోక్సోరుబిసిన్‌కే ఇంకో పేరు, 'సీ' అంటే సైక్లోఫాస్ఫమైడ్. ఆ డోక్సోరుబిసిన్‌నే వార్డులో అందరూ ఎర్ర మందు అంటారు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమని హడలిపోతారు.

ఇక రోజుల లెక్క. మొదటి ఏసీ తర్వాత వారం పది రోజులు ఏమీ జరగదు. అప్పుడే ఇంట్లోవాళ్లకు ఆశ పుడుతుంది. తర్వాత తల మీద నొప్పి మొదలవుతుంది. జడ గట్టిగా వేసుకుని పడుకుంటే పొద్దున ఎలా ఉంటుందో అలాంటి నొప్పి, దిండు తగిలినా తెలుస్తుంది. అది వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో రాలుడు మొదలు. రెండో వారం, మూడో వారం మధ్య, అంటే చాలామందికి రెండో కీమోకి వచ్చే లోపే అయిపోతుంది.

పొడుగు జుట్టు ఉన్నవాళ్లకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. రాలిన వెంట్రుకలు కింద పడవు. జడలోనే ఉండి, ఇంకా ఊడని వాటితో కలిసి చిక్కు పడతాయి. తలస్నానం చేస్తే ఇంకా బిగుసుకుంటాయి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ జడ విప్పనివ్వకుండా అలాగే ముడి వేసుకుని రెండో కీమోకి వచ్చింది. ముసుగు తీసి చూస్తే జడంతా కొబ్బరి పీచు ఉండలా గట్టిగా అయిపోయి, కొన్ని వెంట్రుకలే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. ఆ బరువుకి తల లాగుతుంటే రాత్రుళ్లు నిద్ర లేదట. ఇద్దరం సిస్టర్లం కూర్చుని, తలకు కత్తెర తగలకుండా కొంచెం కొంచెంగా కోసి తీశాం. తీశాక ఆవిడ మొదట అన్న మాట "హమ్మయ్య". ఏడుపు ఆ తర్వాత వచ్చింది. పొట్టిగా కత్తిరించమని నేను పట్టుబట్టేది అందుకే.

మాత్రల సంగతి. బయోటిన్ కీమోలో జుట్టు రాలడాన్ని ఆపదు. పైగా రక్త పరీక్షల్ని తారుమారు చేయగలదు, ముఖ్యంగా థైరాయిడ్‌నీ, గుండెకు చేసే ట్రోపోనిన్‌నీ. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఎర్ర మందు గుండె మీద ప్రభావం చూపే అవకాశం ఉంది కాబట్టే మీకు ముందు ఎకో, అంటే గుండె స్కాన్, తీయించి ఉంటారు. అలాంటప్పుడు గుండె పరీక్షను తికమక పెట్టే మాత్ర మింగడం దేనికి? జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ మందు కూడా రాలడాన్ని ఆపదు. కీమో అయ్యాక జుట్టు కాస్త త్వరగా రావడానికి కొందరికి ఉపయోగపడొచ్చు, అది అప్పుడు డాక్టర్‌ని అడిగి వాడుకోవచ్చు. గుంటగలగరాకు నూనె, మందార తైలం, ఉల్లిపాయ రసం ఇవేవీ ఇప్పుడు వద్దు. మామూలు రోజుల్లో వాటిని నేనూ కాదనను. కానీ కీమోలో తల చర్మం పచ్చిపుండులా ఉంటుంది. ఉల్లి రసం మంట పుట్టిస్తుంది, కుదుళ్ల దగ్గర సెగ్గడ్డల్లాంటివి లేస్తే తెల్లకణాలు తగ్గి ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు.

తలకు చల్లని టోపీ పెడతారట కదా అని కొందరు అడుగుతారు. ఉంది. స్కాల్ప్ కూలింగ్ అంటారు. మిషన్‌కి కలిపిన టోపీ తలను చల్లబరుస్తుంది, రక్తనాళాలు కుంచించుకుని కుదుళ్లకు మందు తక్కువ చేరుతుంది. కీమోకి అరగంట ముందు పెట్టి, మందు అయిపోయాక కూడా గంటకు పైగా ఉంచాలి. అమెరికాలో 2015 చివర్లో దీనికి అనుమతి వచ్చింది. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో టోపీ వాడిన స్త్రీలలో సుమారు సగం మందికి చాలావరకు జుట్టు నిలిచింది, వాడనివాళ్లలో ఒక్కరికీ నిలవలేదు. అయితే ఆ ఫలితం ఎక్కువగా పాక్లిటాక్సెల్ లాంటి మందులతో వచ్చింది, ఎర్ర మందుతో బాగా తక్కువ. మీకు ముందే ఏసీ ఉంది. మన దగ్గర కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనే ఆ మిషన్ ఉంది, ప్రతి కీమోకీ విడిగా డబ్బు కట్టాలి, తలనొప్పి, వణుకు ఉంటాయి. మీ ఆసుపత్రిలో ఉంటే అడగండి, స్థోమత ఉండి అమ్మగారు కావాలంటే ప్రయత్నించవచ్చు. మీ పరిస్థితిలో నేనైతే ఆ డబ్బు మంచి విగ్గుకీ, ఇంట్లో పనిమనిషికీ పెడతాను. ఇంట్లో ఐస్ ముక్కలు గుడ్డలో కట్టి తల మీద పెట్టడం మాత్రం చేయకండి, చర్మం చల్లదనానికి కాలిపోతుంది, జుట్టు నిలవదు.

జుట్టు కత్తిరించడం గురించి. మొదటి కీమోకి ముందే, అమ్మగారు ఒప్పుకుంటే, జడను దాచుకునేలా తీయండి. నూనె లేకుండా తలంటుకుని పూర్తిగా ఆరనివ్వాలి. జడ పైనా, మధ్యలో, చివరా రబ్బరు బ్యాండ్లు గట్టిగా వేసి, పై బ్యాండుకి కొంచెం పైన కత్తిరించాలి. మొదళ్లన్నీ ఒకే వైపు ఉండేలా అలాగే పొడి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. మొదళ్లూ చివర్లూ కలిసిపోతే ఆ జుట్టు తర్వాత చిక్కు పడి దేనికీ పనికిరాదు. ఒక మనిషి జుట్టుతో మొత్తం విగ్గు సాధారణంగా రాదు, కానీ మంచి సవరం వస్తుంది. పెళ్లి సంగతి చెప్పేటప్పుడు దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

తర్వాత రాలడం మొదలయ్యాక మిగిలింది ట్రిమ్మర్‌తో తీయండి. బ్లేడు వద్దని ఎందుకంటున్నానంటే, కీమో తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, ప్లేట్‌లెట్లూ తగ్గొచ్చు. చిన్న గాటు పడినా రక్తం త్వరగా ఆగకపోవచ్చు, చీము పట్టొచ్చు. ఇక్కడే మొక్కు ప్రశ్న వస్తుంది. ఎలాగూ పోయే జుట్టే కదా, తిరుపతిలో స్వామికి ఇచ్చేస్తాను అని చాలామంది అమ్మలు అంటారు. ఆ మాటలో వాళ్లకు దొరికే ధైర్యం నేను కళ్లారా చూశాను, కాదని ఎవరితోనూ అనను. వెళ్లేదైతే మొదటి కీమోకి ముందే, డాక్టర్‌కి చెప్పి వెళ్లిరండి. మీకు వారమే ఉంది, అంత ప్రయాణం కష్టమైతే ఇప్పుడు ఇంట్లో మూడు కత్తెరలు తీసి ముడుపు కట్టి, మిగతాది చికిత్స అయ్యాక చెల్లించుకోమనండి. కీమోల మధ్యలో ఆ క్యూలైన్లలోకి, కల్యాణకట్టకి మాత్రం వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడటం ఇంకో తంతు. ముత్తయిదువ గుండు ఏమిటి, పెళ్లి పెట్టుకుని ఈ అశుభం ఏమిటి అని అత్తగారో ఆడపడుచో అనేస్తారు. అమ్మగారికి జుట్టు గురించి ఉన్న భయంలో సగం ఇదే అయి ఉండొచ్చు, అద్దంలో కనిపించేదాని కన్నా నలుగురూ ఏమంటారోనన్నదే. ఆ మాట వచ్చినప్పుడు జవాబు ఆవిడ చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా మీరో నాన్నగారో చెప్పండి. "డాక్టరే తీయమన్నారు" అంటే చాలు, మన ఇళ్లలో దాని మీద ఎవరూ వాదించరు.

మీరూ గుండు చేయించుకుంటానన్నారు. మనసు మంచిదే. వీడియోల్లో చూడటానికి బాగుంటుంది. కానీ మన దగ్గర కొడుకు ఇంట్లో ఉన్నట్టుండి గుండుతో కనబడితే ఊళ్లోవాళ్లకు మొదట వచ్చే ఆలోచన ఏమిటో మీకు తెలుసు. అమ్మగారికీ అదే గుర్తొస్తుంది. ఒక అబ్బాయి ఇలాగే చెప్పకుండా చేయించుకుని వార్డుకి వచ్చాడు. వాళ్లమ్మ ఆ పూటంతా మొహం అటు తిప్పుకుని పడుకుంది. ముందు ఆవిడని అడగండి. వద్దంటే మానేయండి. ట్రిమ్మర్ మీరే పట్టుకుని జాగ్రత్తగా తీయడం అంతకన్నా పెద్ద తోడు.

తల సంరక్షణకు పెద్దగా ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లు, పిల్లల షాంపూ, వారానికి రెండుసార్లు. కుంకుడుకాయ, సీకాయ ఇప్పుడు మంట పెడతాయి. తల ఆరాక వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాయొచ్చు. దిండుకి మెత్తటి శాటిన్ గలీబు వేయండి. ఎండలోకి వెళ్తే నూలు స్కార్ఫ్ తప్పనిసరి, గుండు మీద చర్మం ఎండ ఎరగదు, ఒక్క మధ్యాహ్నానికే కమిలిపోతుంది. రాత్రి ఏసీ గదిలో పడుకుంటే పల్చటి నూలు టోపీ. జారుడు సిల్కు స్కార్ఫులు కొనకండి, గుండు మీద నిలవవు, పాత నూలు చున్నీ బాగుంటుంది. తల మీద ఎర్రగా చీముపొక్కులు వచ్చినా, 100.4 ఫారెన్‌హీట్ దాటి జ్వరం వచ్చినా ఇంటి వైద్యం వద్దు, రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

విగ్గు అందరికీ అక్కర్లేదు. కొన్నవాళ్లలో చాలామంది రెండు మూడుసార్లు పెట్టుకుని బీరువాలో పెట్టేస్తారు, మన ఎండలకు తల ఉడికిపోతుంది. మీకు పెళ్లి ఉంది కాబట్టి కొనండి. జుట్టు ఉండగానే అమ్మగారిని తీసుకెళ్తే రంగు, పాపిడి తీరు, నుదుటి దగ్గర జుట్టు ఎక్కడ మొదలవుతుందో చూసి సరిపోల్చుతారు. లోపల సైజు సర్దుకునే పట్టీలు ఉండాలి, జుట్టు పోయాక తల కొలత తగ్గుతుంది. సింథటిక్ విగ్గు చవక, బరువు తక్కువ, ఉతికినా ఆకారం పోదు. అసలు జుట్టుది ఖరీదు చాలా ఎక్కువ, చూసుకోవడం కష్టం, కానీ వేడికి తట్టుకుంటుంది. సింథటిక్ దాని శత్రువు వంటిల్లు. మా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ విగ్గుతోనే కుక్కర్ మూత తీసింది. ఆవిరి కొట్టి ముందరి వెంట్రుకలు ముడుచుకుపోయాయి, ఇక సరికాలేదు. కొనేముందు మీ ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని అడగండి, కొన్నిచోట్ల దాతలిచ్చిన విగ్గులు ఉచితంగా ఇస్తారు.

ఇప్పుడు పెళ్లి. నాలుగు నెలలంటే నాలుగు ఏసీలు అయిపోయి పాక్లిటాక్సెల్ నాలుగైదు వారాలు నడుస్తూ ఉంటుంది. తల మీద జుట్టు ఉండదు, మహా అయితే నూగు. ముహూర్తం తేదీ ఇప్పుడే డాక్టర్‌కి చెప్పండి, ఆ వారం కీమో రోజు అటూ ఇటూ జరపడం కుదురుతుందేమో వాళ్లు చూస్తారు. కన్యాదాత భార్యగా అమ్మగారు హోమగుండం పక్కనే కూర్చోవాలి. అందుకే ఆ రోజుకి సింథటిక్ విగ్గు నాకు భయం. అసలు జుట్టుది అద్దెకైనా చూడండి, లేదా కాస్త వెనక్కి కూర్చోబెట్టమని పురోహితుడికి ముందే చెప్పండి. దాచిన జడతో చేయించిన సవరం ఇక్కడ పనికొస్తుంది, తన జుట్టే తన వీపు మీద ఉంటే ఆవిడ మొహమే మారిపోతుంది. కానీ పొడుగు సవరం బరువుకి విగ్గు వెనక్కి జారుతుంది. దాన్ని కొప్పుగా చుట్టి విగ్గు అడుగు నెట్‌కి కుట్టించేయండి. పూలు ఒక మూర చాలు, పిన్నులు నెట్‌కే పెట్టాలి, తలకు తగలకూడదు. విగ్గు జారకుండా లోపల వెల్వెట్ పట్టీ వస్తుంది, అది కొనండి. జిగురు టేపు వద్దు. పెళ్లికి వారం ముందు ఇంట్లో చీర కట్టించి, రెండు గంటలు అలాగే ఉంచి చూడండి. ఎక్కడ నొక్కుతుందో అప్పుడు తెలుస్తుంది.

కనుబొమ్మల సంగతి మర్చిపోకండి. తల జుట్టు ఏసీతో పోతే, కనుబొమ్మలు, రెప్ప వెంట్రుకలు తరచుగా పాక్లిటాక్సెల్ రోజుల్లో పలచబడతాయి. సరిగ్గా మీ పెళ్లి సమయానికి. గుండు కన్నా దీంతోనే మొహం జబ్బు మొహంలా కనిపిస్తుంది. ఈ వారమే అమ్మగారి మొహం ఎదురుగా, దగ్గరగా, బొట్టు పెట్టుకుని ఉన్న ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. తర్వాత పెన్సిల్‌తో కనుబొమ్మ గీసేటప్పుడు అదే కొలత. ముందు బొట్టు పెట్టి, దానికి రెండు వైపులా సమానంగా మొదలుపెడితే వంకర పోదు. నల్ల పెన్సిల్ వద్దు, ముదురు గోధుమ రంగుది సహజంగా ఉంటుంది. కీమో జరుగుతుండగా పచ్చబొట్టు తరహా కనుబొమ్మలు, అతికించే రెప్పలు వద్దు. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయి, అందుకే జలుబు లేకుండానే ముక్కు కారుతుంటుంది. పెళ్లిలో చీర కొంగుకి ఒక చేతిరుమాలు ఉంచమనండి.

తిరిగి రావడం గురించి. కొందరికి పాక్లిటాక్సెల్ నడుస్తుండగానే నూగు మొదలవుతుంది. చివరి కీమో అయ్యాక నెల నెలన్నరకు నూగు కనబడుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో తల కప్పుకుంటుంది. నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి జడ దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది, ఆ విషయం దాచకండి. మొదట వచ్చేది ఉంగరాలుగా, ఇంకాస్త తెల్లగా రావొచ్చు, చాలామందికి తర్వాత మామూలవుతుంది. రంగు, గోరింట పేరుతో అమ్మే నల్ల పొడులు కనీసం ఆరు నెలలు ఆగాలి. జుట్టు అసలే రాకపోవడం అరుదు, డోసిటాక్సెల్‌తో కొద్దిమందిలో చూశారు, మీకు రాసింది అది కాదు. కీమో తర్వాత హార్మోన్ మాత్రలు, లెట్రోజోల్ లాంటివి రాస్తే జుట్టు కొంచెం పలచగానే ఉండొచ్చు. అప్పుడు మాత్ర సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. జుట్టు కోసం ఆ మాత్ర మానేసినవాళ్లు మా ఓపీలో కనబడుతూనే ఉంటారు.